ఇంట్లో వ్యాపారానికి ముందు కావాల్సింది గది కాదు, లెక్క



ఈ మధ్య ఎవర్ని కదిలించినా ఒకటే మాట. "పంట యార్డుకు తోలితే ఏమీ మిగలట్లేదన్నా, ఇంట్లోనే కారం పట్టించి మనమే అమ్ముకుంటే పోలా?" మంచి ఆలోచనే. మూడేళ్ళ కింద నేనూ అలాగే మొదలుపెట్టా. కాకపోతే ఈ ఆలోచన రాగానే చాలామంది చూపు ముందు గది మీదకు పోతుంది. అక్కడే దెబ్బ తింటున్నాం.

మా పక్కూరి తమ్ముడొకతను లక్షన్నర అప్పు తెచ్చి ఇంటి ముందు గది బాగుచేయించాడు. అద్దం బల్ల, తిరిగే కుర్చీ, గేటుకు పెద్ద ఫ్లెక్సీ. ఒక్క ప్యాకెట్ అమ్మకముందే వడ్డీ మొదలైంది. ఇప్పుడా గదిలో పత్తి బస్తాలున్నాయి. అతన్ని చూసి నవ్వడానికి చెప్పట్లేదు. నేను గది కట్టలేదు గానీ అంతకన్నా పెద్ద తప్పే చేశా.

మొదటి ఏడాది నా ఆఫీసంతా చొక్కా జేబులోనే. ఆర్డర్లు పెళ్ళి కార్డుల వెనక, క్యాలెండర్ మీద రాసేవాణ్ణి. డబ్బులు డీజిలు, ఎరువులు, పిల్లల ఫీజులు అన్నీ నడిచే ఖాతాలోనే పడేవి. కిలో 300, పార్సిల్ ఖర్చు నాదే. ఏడాదిలో నాలుగు క్వింటాళ్ళ కారం అమ్మా. లక్షా ఇరవై వేల అమ్మకమని అరుగు మీద గొప్పగా చెప్పుకున్నా.

ఒక రాత్రి మా ఆవిడ అడిగింది. "అమ్మింది సరేగానీ, మిగిలిందెంత?" నా దగ్గర జవాబు లేదు. ఇద్దరం కూర్చుని లెక్క కట్టాం. మీరూ చూడండి.

పది కిలోల ఎండు మిర్చి, ఆరోజు ధరకు 1,500. తొడిమలు తీస్తే తొమ్మిది కిలోలు. గిర్నీలో కిలోకు 20 చొప్పున 180. పట్టించి జల్లిస్తే చేతికొచ్చిన కారం ఎనిమిదిన్నర కిలోలు. అంటే కిలో దాదాపు 198 పడింది. కవరు, స్టిక్కరు 12. పార్సిల్ 80. మొత్తం 290. అమ్మింది 300.

కిలోకు పది రూపాయలు. నాలుగు క్వింటాళ్ళకు నాలుగు వేలు. మా అమ్మ, మా ఆవిడ ఎండాకాలమంతా చేతులు మంటలెత్తుతుంటే కూర్చుని తీసిన తొడిమలకు, కట్టిన ప్యాకెట్లకు, ఎత్తిన ఫోన్లకు అన్నిటికీ కలిపి నాలుగు వేలు. ఆ మిర్చిని ఇంత కష్టం లేకుండా అదే ధరకు యార్డులో అమ్మేవాణ్ణి కదా!

అందుకే అంటున్నా. ఆఫీసంటే గది కాదు. ఇంటి డబ్బు, పొలం డబ్బు, వ్యాపారం డబ్బు ఒకదాంట్లో ఒకటి కలవకుండా చూసే చోటు. అది వసారాలో ఒక మూలైనా చాలు.

మేం చేసిందిదీ. పాత తలుపు చెక్కను కిటికీ కింద బల్లగా బిగించాం. ఒక ఇనుప ర్యాకు, చిన్న కాటా, సీలింగ్ మిషన్ కొన్నాం. అన్నీ కలిపి ఆరు వేలు దాటలేదు. ముందుగా ఆ మూలనుంచి పురుగుమందు డబ్బాలు, స్ప్రేయరు తీయించి పశువుల కొట్టం పక్కన వేరే అరలో పెట్టి తాళం వేశాం. మన ఇళ్ళల్లో మందు డబ్బా పక్కనే తిండి వస్తువు ఉండటం మామూలే. అమ్మే సరుకు దగ్గర అది కుదరదు. ఇంట్లో తినేదానికీ కుదరకూడదు.

బల్ల మీద మూడు పుస్తకాలు. ఒకటి డబ్బుకు, ఒకటి ఆర్డర్లకు, ఒకటి సరుకుకు. మూడోదాంట్లో ఏ రోజు పట్టించిన కారం ఏ ప్యాకెట్లలోకి వెళ్ళిందో రాస్తాం. ఒకసారి హైదరాబాద్ నుంచి ఒకావిడ కారం గడ్డకట్టిందని ఫోన్ చేస్తే అది ఎప్పుడు పట్టిందో చెప్పలేకపోయా. ఆ రోజు పడ్డ సిగ్గుతోనే ఆ పుస్తకం వచ్చింది.

వ్యాపారానికి వేరే సిమ్ తీసుకున్నాం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకానే ఫోన్ ఎత్తుతాం. మందు కొడుతూ ఆర్డర్ రాసుకుంటే రెండూ చెడతాయి.

ఇక కాగితాలు. తిండి వస్తువు అమ్మాలంటే ఫుడ్ సేఫ్టీ వాళ్ళ రిజిస్ట్రేషన్ ఉండాలి. మాలాంటి చిన్నవాళ్ళకు మేం తీసుకున్నప్పుడు ఏడాదికి ఫీజు 100 రూపాయలు. ఆ 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద వేయాలి. దాంతోపాటు మన పేరు, చిరునామా, నికర బరువు, ప్యాక్ చేసిన నెల, గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోన్ నంబరు. కాటాకు తూనికల శాఖ ముద్ర వేయించాలి. ఉద్యం రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్లో ఉచితం. దానికి వేలు అడిగే మధ్యవర్తిని నమ్మకండి.

"పది ప్యాకెట్లు అమ్మేవాడికి ఇంత హంగామా ఎందుకన్నా?" అని అడిగేవాళ్ళున్నారు. పది అమ్మేటప్పుడు అలవాటు కానిది వెయ్యి అమ్మేటప్పుడు అసలే కాదు. పైగా పది ప్యాకెట్లప్పుడే నష్టం తెలిస్తే తట్టుకోగలం.

లెక్క తేలాక కిలో 400 చేశాం. కొందరు పోయారు. ఎందుకు పెంచామో విడమరిచి చెబితే చాలామంది ఉన్నారు. అందులో కిలోకు 40 కూలి కింద తీసి అమ్మకూ మా ఆవిడకూ వాళ్ళ ఖాతాల్లో వేస్తున్నాం. ఇంటి మనిషి పనికి ఖరీదు కట్టకుండా లాభం వచ్చిందనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

ఇంకో మాట మగవాళ్ళకు. పని చేసేది ఆడవాళ్ళు, బోర్డు మీద పేరు మనది. ఇది మార్చాలి. మా రిజిస్ట్రేషన్, వ్యాపారం ఖాతా రెండూ మా ఆవిడ పేరు మీదికే మార్చాం. ఆ బల్ల దగ్గర కుర్చీ ఆమెదే.

మీరు మొదలుపెట్టాలనుకుంటే మేస్త్రీని పిలవకండి. ఒక పుస్తకం కొని, మొదటి పేజీలో ఒక్క కిలోకు మీకు పడే ఖర్చంతా రాయండి, ఇంటివాళ్ళ కూలితో సహా. ఆ అంకె వచ్చాకే ఎవరికైనా ధర చెప్పండి.

మొన్న పొలానికి డీజిలు డబ్బులు తక్కువై నేనే ఆ బల్ల దగ్గరికెళ్ళి రెండు వేలు అడిగా. మా ఆవిడ పుస్తకం తీసి, నా పేరు రాసి, పక్కన 'అప్పు' అని రాసి ఇచ్చింది. నవ్వొచ్చింది గానీ, మా వ్యాపారం నిలబడుతుందన్న నమ్మకం ఆ రోజే కుదిరింది.