రక్షణ శాఖ పద్దులు - పార్లమెంటు బాధ్యత

దేశరక్షణ ప్రసక్తి వచ్చినపుడు మన సమాజంలో రెండు విధాలైన ధోరణులు కనిపిస్తున్నవి. సైన్యానికి అయ్యే ఖర్చును ప్రశ్నించడమే దేశభక్తికి లోపమని కొందరి భావన. ఆయుధాల కొనుగోలు అనగానే అందులో లంచం దాగి ఉండక తప్పదని మరికొందరి అనుమానం. మొదటివారు ప్రశ్ననే నిషేధిస్తున్నారు. రెండవవారు జవాబు రాకముందే తీర్పు చెబుతున్నారు. ప్రజాస్వామ్యానికి ఈ రెండూ మేలు చేసేవి కావు. లెక్క అడగడం వేరు, లెక్కచేయకపోవడం వేరు. సైనికుణ్ణి నిజంగా లెక్కచేసే దేశం అతని పేరిట ఖర్చయ్యే ప్రతి రూపాయికీ లెక్క అడిగి తీరాలని మా నిశ్చితాభిప్రాయం.

ఈ పద్దు ఎంత పెద్దదో మొదట గమనించవలసి ఉన్నది. 2025-26 బడ్జెటులో రక్షణ మంత్రిత్వ శాఖకు కేటాయించిన మొత్తం 6,81,210 కోట్ల రూపాయలు. ఇందులో కొత్త ఆయుధాలు, విమానాలు, నౌకలు మొదలైన వాటికి ఉద్దేశించిన మూలధన వ్యయం 1,80,000 కోట్లు. త్రివిధ దళాల జీతభత్యాలు, నిర్వహణ వగైరాలకు 3,11,732 కోట్లు. పింఛన్లకు 1,60,795 కోట్లు. మిగిలినది శాఖ యొక్క పౌర వ్యవహారాలకు. అనగా మూలధన వ్యయానికి పోయే సొమ్ము మొత్తంలో పావు వంతుకు కొంచెం ఎక్కువ. పింఛన్లకు పోయేది పావు వంతుకు కొంచెం తక్కువ. పత్రికలలో చర్చ అంతా ఆయుధాల చుట్టూనే తిరుగుతున్నది గాని, ఈ శాఖ ముప్పై లక్షలకు పైగా పింఛనుదార్ల సంక్షేమ బాధ్యతను కూడా మోస్తున్నదన్న సంగతి మరుగున పడుతున్నది.

మన రాజ్యాంగం ఈ విషయంలో అస్పష్టతకు తావివ్వలేదు. చట్టసభ ఆమోదం లేకుండా సంచిత నిధి నుండి పైసా కూడా తీయరాదని 114వ అధికరణం శాసిస్తున్నది. ఖర్చయిన సొమ్మును కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తనిఖీ చేసి సమర్పించిన నివేదికను ఉభయ సభల ముందుంచవలెనని 151వ అధికరణం చెబుతున్నది. ఆ నివేదికలను పరిశీలించే ప్రజాపద్దుల సంఘం 1921 నాటి నుండి ఉన్న పాత సంస్థ. దానికి ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడుగా ఉండే సత్సంప్రదాయం 1967లో ఏర్పడింది. 1993లో శాఖలవారీ స్థాయీ సంఘాలు వెలసిన తరువాత, రక్షణ శాఖ పద్దులను ఖర్చుకు ముందే పరిశీలించడానికి ప్రత్యేకంగా ఒక సంఘం ఏర్పడింది. లోక్‌సభ నుండి 21 మంది, రాజ్యసభ నుండి 10 మంది అందులో సభ్యులు. పార్టీ జెండాలను కొంతసేపు పక్కనబెట్టి అధికారులను, సేనానులను ఎదుట కూర్చోబెట్టుకొని ప్రశ్నించగల వేదిక ఇది.

ఈ వేదికల చరిత్ర మనకు కొన్ని పాఠాలు నేర్పుతున్నది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1948లో, లండన్‌లోని మన హైకమిషన్ ద్వారా సైన్యానికి జీపుల కొనుగోలుకు ఒప్పందం జరిగింది. వచ్చిన 155 జీపులూ పనికిరానివని తేలింది. ప్రజాపద్దుల సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా విమర్శించినా, 1955లో ప్రభుత్వం దానిని ముగిసిన అధ్యాయంగా ప్రకటించింది. తరువాత 1986లో 410 బోఫోర్స్ ఫిరంగుల ఒప్పందం, 1987లో లంచాల ఆరోపణ, సంయుక్త పార్లమెంటరీ సంఘం, 1989లో ఆడిట్ నివేదిక, ప్రతిపక్ష సభ్యుల మూకుమ్మడి రాజీనామాలు - ఇదంతా అందరికీ తెలిసినదే. ఆ ఫిరంగులే 1999 కార్గిల్ యుద్ధంలో అక్కరకు వచ్చినవన్నది కూడా సత్యమే. కాని ఆ వివాదపు నీడలో పడి, అంతటి పెద్ద ఫిరంగుల కొనుగోలుకు విదేశంతో మరల ఒప్పందం కుదరడానికి 2016 నవంబరు దాకా ఆగవలసి వచ్చింది. సకాలంలో పరిశీలన లేకపోతే సొమ్ముకే కాదు, సైన్యపు సన్నద్ధతకు కూడా నష్టమే. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం ఏ దేశానికీ శోభనివ్వదు.

పరిశీలన న్యాయబద్ధంగా కూడా ఉండాలి. కార్గిల్ అమరవీరుల పార్థివదేహాల కోసం కొన్న పేటికల విషయంలో 2001లో ఆడిట్ నివేదిక ఆక్షేపణ తెలిపినపుడు దేశమంతా అట్టుడికింది. ఆ కేసులో నిందితులను 2013లో న్యాయస్థానం విముక్తులను చేసింది. ఆడిట్ ఆక్షేపణ ఒక ప్రశ్న మాత్రమే, శిక్ష కాదు. ప్రశ్నను నినాదంగా మార్చిన రాజకీయం నిజాయితీపరులైన అధికారుల చేతులు కట్టివేస్తుంది. దస్త్రం మీద సంతకం చేయడానికే జంకే పరిస్థితి తెస్తుంది.

ఇక మా ముఖ్యమైన వాదానికి వస్తాము. పార్లమెంటు దృష్టి కోట్ల రూపాయల ఒప్పందాల మీద ఎంత ఉన్నదో, సైనికుని కాలి బూటు మీద కూడా అంతే ఉండాలి. 2020 ఫిబ్రవరిలో సభ ముందుకు వచ్చిన ఆడిట్ నివేదిక ఇందుకు తార్కాణం. సియాచిన్ వంటి ఎత్తైన మంచు ప్రాంతాలలో కాపలా కాసే జవానులకు 2015 నవంబరు నుండి 2016 సెప్టెంబరు వరకు కొత్త బూట్ల సరఫరా జరగలేదనీ, పాతవాటినే బాగుచేసి వాడుకోవలసి వచ్చిందనీ అది బయటపెట్టింది. మంచు కళ్లద్దాల కొరత 62 నుండి 98 శాతం దాకా ఉన్నదని తేల్చింది. ఆ లోపం గతకాలానిదని, తరువాత చక్కదిద్దామని సైన్యం సమాధానం చెప్పింది. సంతోషమే. కాని ఆ లోపం ఉన్న రోజులలో అక్కడ నిలబడినవారు మన అన్నదమ్ములే కదా!

2017 నాటి ఆడిట్ నివేదిక, మందుగుండు రకాలలో 40 శాతం పది రోజుల పోరుకు కూడా చాలవని హెచ్చరించింది. 2018లో సైన్యపు ఉపాధ్యక్షుడే స్వయంగా స్థాయీ సంఘం ముందు, తమ ఆయుధ సామగ్రిలో 68 శాతం పాతబడినదేనని, ఆ ఏటి బడ్జెటు తమ ఆశలను వమ్ము చేసిందని నివేదించారు. సేనాని తన బాధను ప్రజాప్రతినిధులకు నిర్భయంగా చెప్పుకొనగలగడం ప్రజాస్వామ్యానికి బలమే గాని బలహీనత కాదు. పరిశీలన అంటే ఖర్చు తగ్గించడం అని భ్రమపడేవారు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకొనాలి. అవసరమైన చోట ఖర్చు పెంచమని అడిగేది కూడా ఆ సంఘమే.

సంక్షేమం సంగతి మరింత ఆలోచించదగినది. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం గ్రామం మిలిటరీ మాధవరంగా పేరుగాంచింది; తరతరాలుగా ఆ ఊరి కుటుంబాలు సైన్యానికి బిడ్డలను ఇస్తున్నవి. అటువంటి ఊళ్లలో రక్షణ శాఖ అంటే క్షిపణి కాదు, నెలనెలా అందవలసిన పింఛను, ఆస్పత్రిలో మందు, వితంతువు చేతిలోని దరఖాస్తు. ఒకే హోదాలో, సమానకాలం పనిచేసి రిటైరైన ఇద్దరికి ఒకే పింఛను ఉండాలన్నది మాజీ సైనికుల చిరకాల వాంఛ. 1973లో మూడవ వేతన సంఘం తరువాత మొదలైన ఈ అసంతృప్తికి స్పష్టమైన రూపమిచ్చినది రాజ్యసభ అర్జీల సంఘం. శ్రీ భగత్‌సింగ్ కోష్యారీ అధ్యక్షతన అది 2011 డిసెంబరులో ఆ కోరిక న్యాయమైనదని సిఫారసు చేసింది. అమలు ఉత్తర్వు వెలువడింది 2015 నవంబరులో. నడుమ నాలుగేళ్లు గడిచిపోయినవి. ముసలి సైనికులు ఢిల్లీ జంతర్‌మంతర్ వద్ద ఎండలో కూర్చొనవలసి వచ్చింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. కాని అడిగిన వయోవృద్ధులను అంతకాలం కూర్చోబెట్టడం అమ్మ చేసే పని కాదు.

అంగవైకల్య పింఛను విషయం కూడా అంతే. ఆరోగ్యవంతుడని పరీక్షించి చేర్చుకొన్న జవానుకు సేవాకాలంలో వైకల్యం కలిగితే, అది సేవ వల్ల కలిగినదనే భావించాలని సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో తీర్పు చెప్పింది. అయినా ట్రిబ్యునలులో గెలిచిన మాజీ సైనికునిపై ప్రభుత్వమే పైకోర్టుకు అప్పీలు పోవడం ఆగలేదు. 2015లో రక్షణ మంత్రి నియమించిన నిపుణుల సంఘం ఇటువంటి వ్యాజ్యాలను తగ్గించవలసిందని ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకొనవచ్చును. తన సైనికుని ఓడించడానికి వకీళ్లకు ఇచ్చే రుసుము కూడా ప్రజాధనమే. దాని లెక్క ఏటేటా సభ ముందుంచాలని మేము కోరుతున్నాము.

విద్యార్థులకు మరింత దగ్గరి విషయం ఒకటున్నది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద యువకులు నాలుగేళ్లకు సైన్యంలో చేరుతున్నారు. వారిలో 25 శాతం వరకే శాశ్వత సేవకు ఎంపిక అవుతారు. తక్కినవారికి ఏకమొత్తం సొమ్ము లభిస్తుంది గాని పింఛను లేదు. విధి నిర్వహణలో మరణించిన అగ్నివీరుని కుటుంబానికి కూడా సాధారణ సైనికుని కుటుంబంతో సమానంగా ప్రయోజనాలు కల్పించాలని స్థాయీ సంఘం 2024 ఆరంభంలో సిఫారసు చేసింది. తూటాకు నాలుగేళ్ల సైనికుడు, పదిహేనేళ్ల సైనికుడు అన్న భేదం తెలియదు. ఈ సిఫారసు న్యాయమైనదని మా విశ్వాసం.

రహస్యం బయటపడితే శత్రువుకు లాభం కాదా అన్న ఆక్షేపణ సహజమే. యుద్ధ వ్యూహం, ఆయుధపు సామర్థ్యం రహస్యంగా ఉండవలసినవే. కాని 2019 ఫిబ్రవరిలో సభకు సమర్పించిన రఫేల్ ఆడిట్ నివేదికలో ధరల అంకెలకు బదులు అక్షరాల సంకేతాలు ముద్రించడం చూశాము. వ్యూహానికి పెట్టవలసిన ముసుగును జమాఖర్చులకు కూడా తొడగడం మంచి సంప్రదాయం కాదు. నిజంగా దాచవలసిన అంకెలుంటే సంఘ సభ్యులకు ఆంతరంగిక సమావేశంలోనైనా చూపవచ్చును. బూట్లకు, మందులకు, పింఛన్లకు సంబంధించిన లెక్కలలో మాత్రం శత్రువుకు ఉపకరించే రహస్యమేమీ లేదు.

అసలు లోపం వేరొకచోట ఉన్నది. సంఘాల సిఫారసులు ప్రభుత్వాన్ని బంధించవు. వాటిపై తీసుకొన్న చర్యను మూడు నెలలలో తెలపాలన్న నియమం ఉన్నా, "పరిశీలనలో ఉన్నది" అన్న మాటతో సరిపెట్టే అలవాటు పోలేదు. ఇక సభలో చర్చ మాటకొస్తే, 2018లోను, 2023లోను మొత్తం బడ్జెటు పద్దులు గిలెటిన్ పద్ధతిన చర్చ లేకుండానే ఆమోదం పొందినవి. లక్షల కోట్లకు నిమిషాలలో తలలూపడం ఏ పక్షానికీ గౌరవం తెచ్చేది కాదు. సభను నడవనివ్వనివారికి, నడపలేనివారికి ఇందులో సమాన భాగమున్నది. కనుక రక్షణ పద్దుపై ప్రతి ఏటా ఒక రోజైనా చర్చ తప్పనిసరి కావాలి. సంక్షేమానికి సంబంధించిన సిఫారసును తిరస్కరిస్తే మంత్రి సభలో నిలబడి కారణం చెప్పాలి.

విద్యార్థి మిత్రులారా! ఉర్దూలో హిసాబ్ అన్నా, తెలుగులో లెక్క అన్నా అడిగే హక్కు పౌరునిదే. స్థాయీ సంఘం నివేదికలు అచ్చవుతున్నవి, అందరికీ అందుబాటులో ఉన్నవి, చదివేవారే కరువు. మన కళాశాల సంఘం పెద్దలు ఏటేటా ఆ నివేదికలను గ్రంథాలయంలో ఉంచి, రాజనీతి, వాణిజ్య శాస్త్ర విద్యార్థులచే ఉభయ భాషలలో వాటి సారాంశం రాయించి, ఒక మాదిరి పార్లమెంటు జరిపించవలసిందిగా మా మనవి. మన ఊరి మాజీ సైనికులను, వీరపత్నులను ఆనాడు ఆహ్వానిద్దాం. పింఛను కోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం చుట్టూ తిరిగే వృద్ధునికి ఒక దరఖాస్తు రాసిపెట్టడంతో మన పని మొదలుకావచ్చును. ఆ దరఖాస్తు ఎందుకు తేలలేదని మన పార్లమెంటు సభ్యునికి రాసే ఉత్తరంతో అది సభ దాకా చేరవచ్చును.