లైనక్స్ పంచండి, సోర్సుతో సహా

ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో, కంప్యూటర్ షాపుల్లో ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెన్‌డ్రైవ్‌ల మీద చేతులు మారడం మనకు కొత్త కాదు. దొంగ విండోస్ ఎక్కించేవాళ్లూ, ఉబుంటు అనే లైనక్స్ ఎక్కించేవాళ్లూ చేసే పని పైకి ఒకటే. చట్టం దృష్టిలో మాత్రం నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. దొంగ కాపీ అని తెలిసీ సాఫ్ట్‌వేర్ వాడి లాభం గడిస్తే, 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అదే డెబియన్ అనే మరో లైనక్స్‌ను వందమందికి పంచినా, డబ్బు తీసుకుని అమ్మినా తప్పు లేదు. అమ్మవచ్చు అంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు.

లినస్ టోర్వాల్డ్స్ 1991లో తొలి లైనక్స్‌కు పెట్టిన షరతు వేరు: పంచవచ్చు, డబ్బు తీసుకోకూడదు. ఆ షరతుతో ఫ్లాపీల ఖర్చు రాబట్టుకోవడానికి కూడా వీల్లేకపోయింది. 1992 మొదట్లో ఆయన రిచర్డ్ స్టాల్‌మన్ రూపొందించిన జీపీఎల్ లైసెన్సుకు మారాడు. దాంతో అమ్మకానికి అడ్డు తొలగింది. పంచేవాడికి ఉన్న హక్కులన్నీ పుచ్చుకున్నవాడికీ దక్కాలన్నదే ఇక షరతు. ప్రోగ్రాముతో పాటు దాని మూలరూపమైన సోర్సు కోడ్ ఇవ్వాలి. లేదా అడిగిన ఎవరికైనా, పంపే ఖర్చుకు మించి తీసుకోకుండా, కనీసం 3 ఏళ్ల పాటు ఇస్తామని రాసివ్వాలి. లైసెన్సు ప్రతిని తీసేయకూడదు.

మన దగ్గర గాలికి వదిలేస్తున్నది ఈ సోర్సు షరతునే. కేబుల్ ఆపరేటర్లు ఇళ్లలో బిగించి వెళ్లే రౌటర్లలో చాలావాటి లోపల నడిచేది లైనక్సే. అట్టపెట్టె తెరిచి చూడండి: అడాప్టరు, వైరు, వారంటీ కార్డు ఉంటాయి, సోర్సు ఎక్కడ దొరుకుతుందో చెప్పే చిన్న కాగితం ఉంటే అదృష్టమే. ఇది మర్యాదకు సంబంధించిన విషయం కాదు. 2004లో లైనక్స్ డెవలపర్ హారల్డ్ వెల్టే ఇలాంటి ఫిర్యాదుతోనే ఒక రౌటర్ కంపెనీ మీద జర్మనీలోని మ్యూనిక్ కోర్టుకు వెళ్లి, అమ్మకాలు ఆపిస్తూ ఉత్తర్వు తెచ్చాడు.

కోడ్ మీద హక్కు ఉన్నంత మాత్రాన పేరు మీద ఉండదు. లైనక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ ఇచ్చిన సోర్సును తీసుకుని, ఆ కంపెనీ పేరు, టోపీ బొమ్మ ఉన్న ప్రతి ఫైలునూ వెతికి మార్చి, వలంటీర్లు సెంటోస్ అనే లైనక్స్ కట్టారు. 2005లో రెడ్ హ్యాట్ లాయర్ల లేఖ వచ్చాక, ‘ఉత్తర అమెరికాలోని ఒక ప్రముఖ లైనక్స్ సంస్థ’ అని రాసుకున్నారు తప్ప ఆ పేరెత్తలేదు. నా ఉద్దేశంలో ఈ కట్టడి న్యాయమైనదే. మనం మార్చిన సరుకుకు మన పేరే పెట్టుకోవాలి.

న్యాయం కానిది 2023 జూన్‌లో జరిగింది. తన ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ సోర్సును రెడ్ హ్యాట్ కస్టమర్లకే పరిమితం చేసింది. వాళ్లు దాన్ని బయటికి పంచితే సభ్యత్వం రద్దు చేసే వీలు ఒప్పందంలో ఉంది. ప్రోగ్రాము అందుకున్నవాళ్లకు సోర్సు ఇస్తున్నాం కాబట్టి లైసెన్సు మీరలేదని వాదించవచ్చు. కానీ వాడుకుంటే రేపటి అప్‌డేట్లు పోతాయని భయపడాల్సిన హక్కు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మార్చుకుని పంచుకునే ఆ హక్కు విలువ తెలుగువాళ్లకు తెలియాలి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ వలంటీర్లు, విద్యార్థులు లైనక్స్ మెనూలను తెలుగు చేసి, ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌ను బళ్లకూ పిల్లలకూ పంచగలిగారు. అందుకు ఏ కంపెనీ గడపా తొక్కాల్సిన పని లేకపోయింది.

పంచేవాళ్లకు మరో బాధ్యతా ఉంది. 2016 ఫిబ్రవరిలో లైనక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకి చొరబడ్డవాళ్లు డౌన్‌లోడ్ లింకును మార్చి, దొడ్డిదారి పెట్టిన ఇన్‌స్టాలేషన్ ఫైలును (ఐఎస్ఓ) అంటగట్టారు. పెన్‌డ్రైవ్‌కు ఎక్కించే ముందు, ఫైలు మారలేదని చెప్పే చెక్‌సమ్ సరిచూసి, దాని డిజిటల్ సంతకం కూడా అసలుదేనని తేల్చుకోవాలి. రెంటికీ పట్టేది కొద్ది నిమిషాలే.

రెండు తెలుగు ప్రభుత్వాలూ కంప్యూటర్లు, రౌటర్లు, సెట్‌టాప్ బాక్సులు టెండర్ల మీద కొంటాయి. లోపల జీపీఎల్ సాఫ్ట్‌వేర్ ఉంటే దాని పూర్తి సోర్సును సరుకుతో పాటే అప్పగించాలని ఆ టెండర్లలో ఒక నిబంధన పెట్టాలి. అప్పగించని కంపెనీకి బిల్లు ఆపాలి.