గర్భసంచి తీయించే ముందు ఆశాను అడగండి

మన సంఘం సమావేశాల్లో మద్దతు ధర మాట్లాడతాం, కౌలు కార్డులు, కాలువ నీళ్లు మాట్లాడతాం. ఇంట్లో ఆడవాళ్లకు ఆపరేషన్ చేయించి అప్పులపాలైన సంగతి మాత్రం ఎవరూ లేచి చెప్పరు. సిగ్గు అడ్డొస్తుంది. ఈసారి ఆ సంగతే రాస్తున్నాను.

రెండేళ్ల కిందట మిరప కోతలప్పుడు మా తమ్ముడి భార్యకు నడుం నొప్పి, తెల్లబట్ట. ముప్పై నాలుగేళ్ల మనిషి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఆమెను టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. స్కానింగ్ తీసి, గర్భసంచి తీసేయకపోతే కేన్సర్ అవుతుందన్నారు. యాభై వేలు. మా తమ్ముడు నూటికి రెండు రూపాయల వడ్డీకి డబ్బు మాట్లాడుకున్నాడు కూడా. ఆ సాయంత్రం మాత్రలివ్వడానికి వచ్చిన ఆశా కార్యకర్త విషయం విని అరుగు మీద నుంచి కదల్లేదు. "మోటారు కాలిందని బోరు పూడుస్తామా అన్నా? ముందు సర్కారు ఆసుపత్రిలో లేడీ డాక్టరుకు చూపిద్దాం" అంది. తెల్లారి తనే తోడెళ్లింది. ఇన్ఫెక్షన్ అని చెప్పి మందులిచ్చారు. మొగుడు కూడా వాడాలంటే మా తమ్ముడు కాస్త గునిశాడనుకోండి. నెల తిరక్కుండా తగ్గింది.

మా వీధిలోనే ఇంకో కౌలు రైతు భార్యకు అదే వయసులో ఆపరేషన్ అయిపోయింది. ఇప్పుడామె వంగి కలుపు తీయలేదు. కూలి పోయింది, అప్పు మిగిలింది.

ఇది ఒక్క మా ఊరి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేశారు. ఆంధ్రలో దాదాపు తొమ్మిది మందికి, తెలంగాణలో ఎనిమిది మందికి. అనవసర ఆపరేషన్లు ఆపే మార్గదర్శకాలు మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. దాని కింద జిల్లాల్లో నిఘా కమిటీలు ఉండాలి. మీ జిల్లాలో ఉందా? అర్జీ పెట్టి అడగండి.

మన తప్పూ ఉంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూలికొచ్చిన ఆడవాళ్లకు మన చేలో మరుగు ఉండదు. మూత్రానికి పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు. మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు రాక ఏమవుతాయి? నాలుగు కర్రలు పాతి పాత పట్టా చుట్టడానికి ఎంతవుతుంది?

ఇక ఆ ఆశాల సంగతి. 2005లో పథకం మొదలైనప్పటి నుంచి కేంద్రం వాళ్లను వాలంటీర్లనే అంటోంది. కాన్పుకు ఇంత, టీకాకు ఇంత అని లెక్కగట్టి ఇస్తుంది. స్కీం వర్కర్లను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని 2013లో భారత కార్మిక మహాసభ సిఫార్సు చేసింది. అది కాగితం మీదే ఉంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లకు అవార్డు ఇస్తే ఢిల్లీ పెద్దలు చప్పట్లు కొట్టారు. ఆంధ్రలో 2019లో నెలకు 10,000 చేశారు, అదీ పోరాడితేనే. అర్ధరాత్రి కాన్పు కేసు వెంట పోయే మనిషికి, పొద్దున సర్వేలు, ఫోన్లో ఎంట్రీలు చేసే మనిషికి ఇదా కూలి?

వాళ్లు కలెక్టరేట్ దగ్గర కూర్చున్నప్పుడు మన జెండా అక్కడ కనపడాలి. వచ్చే నెల గ్రామ కమిటీ సమావేశానికి మీ ఊరి ఆశాను పిలవండి, ఇంటి ఆడవాళ్లనూ తీసుకురండి. మగవాళ్లం కాసేపు బయట కూర్చుంటే వాళ్లు నోరు విప్పుతారు.