తుడిచేకొద్దీ తరిగే మెరుపు

ఉదయం ఆరున్నరకి హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి తొంగిచూసినా ఒకటే దృశ్యం. ఒక బకెట్, ఒక గుడ్డ, ఒక మనిషి, పదిహేనో ఇరవయ్యో కార్లు. మొదటి కారు తుడిచేసరికే బకెట్లో నీళ్లు బూడిద రంగుకి తిరుగుతాయి. పదో కారు దగ్గరికి వచ్చేసరికి కాఫీ డికాక్షన్‌ని తలపిస్తాయి. ఎనిమిదికల్లా అన్ని కార్లూ తళతళలాడుతుంటాయి, యజమానులు తాళాలు తిప్పుకుంటూ లిఫ్టు దిగి వస్తారు. ముంబైలోనైనా, ఢిల్లీలోనైనా, విజయవాడలోనైనా ఇదే తంతు.

ఆ తళతళ వెనక ఓ చేదు నిజం ఉంది. కారు రంగుని పాడుచేసే ఎండ, వాన, పక్షి రెట్టల సరసన ఈ రోజువారీ తుడుపుని కూడా చేర్చాలి. చాలా కార్ల విషయంలో వాటన్నిటికంటే ముందే చేర్చాలి. నమ్మకం కలగకపోతే మూడేళ్లు తిరిగిన నల్ల కారునో, ముదురు నీలం కారునో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి, బానెట్ మీద సూర్యుడి ప్రతిబింబం చుట్టూ పరీక్షగా చూడండి. సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు వలయాలు వలయాలుగా కనిపిస్తాయి. గుండ్రంగా తుడవడం వల్లే అలా పడ్డాయని చాలామంది అనుకుంటారు. నిజానికి గీతలు అన్ని దిక్కులకీ ఉంటాయి. వెలుగుని కంటివైపు తిప్పికొట్టే కోణంలో ఉన్నవి మాత్రమే కనబడతాయి కాబట్టి వలయంలా భ్రమ కలుగుతుంది. అలాగని తెల్ల కార్ల యజమానులు సంబరపడాల్సిన పని లేదు. వాటి మీదా గీతలు అన్నే ఉంటాయి. కళ్లకి ఆనవంతే.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిల కాలంలో రంగే పైపొర. పాలిష్ పెట్టి రుద్దితే గుడ్డకి ఆ రంగు అంటుకునేది. మెరుపు తగ్గితే మరికాస్త రుద్దేవారు. ఇప్పటి కార్లలో అత్యధికం వేరు. లోహం మీద తుప్పు పట్టకుండా ఓ పూత, దానిమీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన రంగులేని పారదర్శకమైన క్లియర్‌కోట్. ఈ నాలుగూ కలిసినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్‌కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే, లక్షలు పోసి కొన్న కారు మెరుపంతా వెంట్రుకకన్నా పలచటి పొర మీద ఆధారపడి ఉందన్నమాట. అతినీలలోహిత కిరణాల నుంచి కింది రంగుని కాపాడేదీ ఆ పొరే. ఒకసారి అరిగిందంటే తిరిగి రాదు.

ఇక దాన్ని అరగదీసే శత్రువు సంగతి. దక్కన్ పీఠభూమిలో చాలాచోట్ల గ్రానైట్ రాళ్ల నేల. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది. ఇసుకలో ఉండేదీ ప్రధానంగా అదే. మోస్ కాఠిన్య కొలమానంలో క్వార్ట్జ్‌ది 7, మామూలు గాజుది అయిదున్నర. గాజునే గీయగల ఆ రేణువులు రోడ్డు దుమ్ములో, పక్కవీధిలో లేస్తున్న కొత్త కట్టడం దుమ్ములో కలిసి రాత్రంతా కారు మీద వాలతాయి. తెల్లారి తడిగుడ్డ వాటిని చేరదీసి, బానెట్ ఈ చివర నుంచి ఆ చివరకి ఈడుస్తుంది. గరుకు కాగితం పని గుడ్డ చేస్తుంది. గుడ్డకి బదులు పొడి బ్రష్షుతో దులిపినా జరిగేది ఇదే. దుమ్ము పట్టిన కారు మీద కవరు కప్పితే మరీ అన్యాయం: గాలి వీచినంతసేపూ కవరే రుద్దుతుంది.

అలాగని తప్పంతా తుడిచే మనిషి మీదికి తోసేయడం న్యాయం కాదు. నెలకి కొన్ని వందల రూపాయలు చేతిలో పెట్టి, రోజూ తుడవాలని, ఆఫీసు వేళకి ముందే ముగించాలని, నీళ్లు ఎక్కువ వాడకూడదని షరతులు పెట్టేది యజమానులే. ఆ లెక్కన కారుకి నాలుగు నిమిషాలకి మించి దక్కదు, బకెట్ మార్చుకునే తీరిక అంతకన్నా దక్కదు. గుడ్డ కూడా ఎవరో ఇచ్చిన పాత బనియనే. గీతలు చూసి మనిషిని మానిపించేవాళ్లున్నారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు, కొత్తగా వచ్చిన మనిషి కూడా అదే బకెట్‌తో వస్తాడు. మార్చాల్సింది పని పద్ధతిని. రోజూ అద్దాలు, సైడు మిర్రర్లు, లైట్లు, నంబరు ప్లేటు మాత్రం తుడిస్తే చాలు. ఒళ్లంతా కడగడం వారానికి ఒక్కసారి, సరిగా. గుడ్డలు యజమానే కొనివ్వాలి. జీతం తగ్గించే ఆలోచన మాత్రం పెట్టుకోకూడదు. ఏడు రోజులు నాలుగేసి నిమిషాల పనీ, ఒకరోజు అరగంట పనీ దాదాపు సమానమే.

ఆదివారం పొద్దున్న తామే కడుక్కునే ఓపిక ఉన్నవారికి ఇంకా మేలు. నీడ ఉండాలి, బానెట్ చల్లబడి ఉండాలి. వేడి రేకు మీద షాంపూ ఆరిపోయి చారలు కడుతుంది. ముందుగా చక్రాలు. వాటికి పట్టే నల్లటి బ్రేకు పొడిలో ఇనుప రేణువులు ఉంటాయి కాబట్టి వాటి బ్రష్షు, బకెట్, గుడ్డ వేరుగా ఉంచాలి. వాటిని పొరపాటున కూడా ఒంటికి తాకనివ్వకూడదు. తర్వాత అసలు సూత్రం: కారుని తాకకముందే రావలసిన మట్టి నీళ్లతోనే రావాలి. దీనికి ప్రెషర్ వాషర్ ఉండాలనేం లేదు. మొక్కలకి మందు కొట్టే అయిదు లీటర్ల చేతి పంపు సరిపోతుంది. పైనుంచి కిందికి రెండుసార్లు జల్లి, మట్టి నానాక మళ్లీ జల్లితే ఇసుకలో చాలా భాగం జారిపోతుంది.

ఆ తర్వాతే రెండు బకెట్లు. ఒకదాంట్లో కారు షాంపూ కలిపిన నీళ్లు, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. మైక్రోఫైబర్ తొడుగుని షాంపూలో ముంచి కప్పు మీద కొంత భాగం తుడవడం, ఉత్త నీళ్లలో జాడించి పిండడం, మళ్లీ షాంపూలో ముంచడం. చూడటానికి చాదస్తంలా ఉంటుంది. కానీ ఉత్త నీళ్ల బకెట్ అడుగున చివరికి తేరుకునే మట్టిని చూస్తే అనుమానం తీరుతుంది. ఒకే బకెట్ అయితే అదంతా మళ్లీ కారు మీదికే ఎక్కేది. కప్పు, అద్దాలు, బానెట్, తలుపుల పైభాగం అయ్యాక, అన్నిటికన్నా మురికిగా ఉండే కింది అంచులు, వెనక బంపర్ ఆఖర్న. తొడుగు గానీ గుడ్డ గానీ నేల మీద పడిందా, ఆ రోజుకి దాని పని అయిపోయినట్టే. బట్టల సబ్బుపొడి వద్దు. అందులో సోడా వంటి క్షారాలు ఉంటాయి, పూసుకున్న వ్యాక్స్‌ని అవి ఊడ్చేస్తాయి. అంట్లు తోమే ద్రవం చేసేదీ అంతే. జిడ్డు వదిలించడమే కదా దాని ఉద్యోగం.

ఈ పద్ధతిలో మొత్తం మీద మూడు నాలుగు బకెట్ల నీళ్లు సరిపోతాయి. పైపుతో కడిగితే? పైపు నిమిషానికి 15 లీటర్లు వదులుతుందనుకుంటే (బకెట్ పెట్టి గడియారం చూసుకుంటే ఎవరి లెక్క వారికే తెలుస్తుంది) పది నిమిషాలకి 150 లీటర్లు. మురుగు కాలువల వ్యవస్థ ఉన్న నగరాల్లో మనిషికి రోజుకి అందించాలని ప్రభుత్వ ప్రమాణం చెప్పేది 135 లీటర్లు. ఒక కారు స్నానం ఒక మనిషి రోజువారీ వాటాని మింగేస్తుందన్నమాట. అదే సెల్లార్ పక్కన సంపు నింపడానికి ట్యాంకర్ కోసం ఫోన్లు చేస్తుంటారు!

ఇది మర్యాద సమస్య స్థాయిని ఎప్పుడో దాటింది. 2019 వేసవిలో జలాశయాలు ఎండిపోయి చెన్నైకి జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తెచ్చుకోవాల్సి వచ్చింది. 2024 మార్చిలో బెంగళూరు జల మండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. అదే ఏడాది మే నెలలో ఢిల్లీ ప్రభుత్వం పైపుతో కార్లు కడిగితే 2,000 రూపాయలు వసూలు చేస్తామంది. సరిహద్దుకి అవతల పాకిస్తాన్ పంజాబ్‌లోనూ 2025లో ఇళ్ల దగ్గర కార్లు కడగడంపై నిషేధం వచ్చింది. అక్కడి కరెన్సీలో 10,000 రూపాయల జరిమానాతో. బకెట్ వాడటం నేర్చుకున్నవారికి ఈ ఉత్తర్వుల వల్ల వచ్చే ఇబ్బంది చాలా తక్కువ.

తాగునీళ్లు వద్దంటే బోరు నీళ్లు ఉన్నాయి కదా అనవచ్చు. వాటితో మరో తలనొప్పి. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న నీటి చుక్క ఎండలో ఆరితే తెల్లటి మచ్చ మిగులుతుంది. ఇంట్లో కుళాయికి కట్టే తెల్లటి పక్కు లాంటిదే ఇది. రోజుల తరబడి వదిలేస్తే రంగులోకి దిగుతుంది. కాబట్టి కడిగిన వెంటనే ఆరబెట్టడం కడగడమంత ముఖ్యం. పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలుని పరిచి, రుద్దకుండా నీటిని పీల్చనివ్వాలి. మచ్చలు అప్పటికే పడి ఉంటే సగానికి సగం నీళ్లు కలిపిన వెనిగర్‌తో నిమిషంసేపు తడిపి, శుభ్రంగా కడిగేస్తే చాలావరకు వదులుతాయి. వాటర్ ప్యూరిఫయర్ వదిలే వృథా నీటితో కారు కడగమని సలహా ఇచ్చేవారు చాలామంది. ఆ నీటిలో లవణాలు మామూలు నీటికన్నా ఎక్కువ. చక్రాలకి, నేలకి సరే, ఆఖరి కడుగుకి మాత్రం పనికిరావు. దానికి ఏసీ నుంచి చుక్కచుక్కగా కారే నీళ్లు శ్రేష్ఠం. అవి ఆవిరి చల్లబడి ఏర్పడినవి, లవణాలు దాదాపు ఉండవు. వేసవిలో పడగ్గది ఏసీ కింద బకెట్ పెడితే వారానికి కావలసినన్ని వస్తాయి.

కడిగాక కూడా అరచేతికి గరుకు తగిలితే అది రంగులో ఇరుక్కున్న మురికి. క్లే బార్ అనే మెత్తటి ముద్దని, తగిన ద్రవం చల్లుకుంటూ నెమ్మదిగా జరిపితే అది వస్తుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. పాలిష్ అలా కాదు. అది గీతని పూడ్చదు, గీత చుట్టూ ఉన్న క్లియర్‌కోట్‌ని దాని లోతు వరకు చెక్కుతుంది. ప్రతి సర్వీసింగ్‌కీ పాలిష్ చేయించడమంటే మెరుపుని అప్పు తెచ్చుకోవడం. వ్యాక్స్‌కి ఈ ప్రమాదం లేదు, పూసుకోవచ్చు. మన ఎండలకి అది రెండు నెలలు నిలిస్తే గొప్ప. ఇక సెరామిక్ కోటింగ్ అమ్మేవారు చెప్పే ‘9హెచ్’ మాట విని వజ్రం పక్కన నిలిచే కాఠిన్యమని పొరపడొద్దు. అది పెన్సిల్ ములుకులతో గీసి చూసే పరీక్షలోని అంకె. నీళ్లు నిలవకుండా జారిపోతాయి, మురికి త్వరగా వదులుతుంది, ఆ మేరకి మంచిదే. ఇసుక గుడ్డ నుంచి మాత్రం కాపాడదు.

దసరా ఆయుధపూజ నాటి పసుపు మరకల గురించి చాలామంది కంగారుపడి థిన్నర్‌తో రుద్ది రంగు పోగొట్టుకుంటారు. పసుపులోని కర్కుమిన్ వెలుతురుకి నిలవదు. కడిగి, నాలుగు రోజులు ఎండలో ఉంచితే దానంతటదే వెలిసిపోతుంది. పక్షి రెట్టకి మాత్రం వాయిదా పనికిరాదు. తడిగుడ్డ కాసేపు కప్పి, నానాక ఎత్తేయాలి.

లోపలి పని తేలిక. వ్యాక్యూమ్, తడిపి పిండిన గుడ్డ చాలు. జిడ్డుగా మెరిసే డ్యాష్‌బోర్డ్ పాలిష్ కొనేముందు ఎండలో దాని నీడ ముందు అద్దంలో పడి రోడ్డు కనపడదని గుర్తుంచుకోవాలి. వానాకాలంలో మ్యాట్ల కింది తడి ఆరబెట్టకపోతే ఎన్ని సెంట్లు వేలాడదీసినా ముక్కవాసన పోదు.

అన్నీ అయ్యాక కారుని అక్కడే వదిలేయకుండా రెండు వీధులు తిప్పి, నాలుగుసార్లు బ్రేకు నొక్కి తీసుకురావాలి. తడి డిస్కుల మీద తెల్లారేసరికి ఎర్రటి తుప్పు పలచగా పడుతుంది. మర్నాడు మొదటిసారి బ్రేకు వేసినప్పుడు వచ్చే గరగర చప్పుడు దానిదే. మైక్రోఫైబర్ గుడ్డల్ని మిగతా బట్టలతో కలపకుండా, కంఫర్ట్‌లాంటివేవీ వేయకుండా ఉతికి నీడలో ఆరేస్తే వచ్చే ఆదివారానికి సిద్ధంగా ఉంటాయి.