కొండపనికి తీగమార్గము

కొండమీద నేదైన కట్టడము కట్టవలెనన్న ఇటుకకంటెను, సిమెంటుకంటెను ముందు వానిని పైకి చేర్చు దారి కావలయును. దారి లేనిచోట కూలివాని తలయే దారి. సాలూరు, శృంగవరపుకోట కొండలయందు రోగిని డోలీలో దింపవలసిన పల్లెలు నేటికిని గలవు. అట్టి పల్లెలో బడికి నాలుగు గోడలు లేపుట యెంత ప్రయాసమో చదువరులే యూహింపగలరు. కొండను తొలిచి బాట వేయుటకు వ్యయమును కాలమును మిక్కిలి పట్టును. వానలకు ఆ బాటయు జారిపోవచ్చును. రెండు స్తంభములు నిలిపి, వాని నడుమ ఉక్కుతీగను కట్టి, దానిపై తొట్టిని నడపుట పెక్కుచోట్ల అంతకంటె సులభము. పని ముగిసినపిదప విప్పుకొని పోవచ్చును. ఇట్టి తాత్కాలిక తీగమార్గములను మేము మెచ్చుకొందుము. కాని "తాత్కాలికము" అను మాటకే భయపడుచున్నాము.

ఉక్కుతాటి సాయమున కొండ దిగుట మన ప్రాంతమువారికి క్రొత్త కాదు. 1955లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించిన మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము డుడుమ జలపాతము క్రింది లోయలో నున్నది. అచ్చటికి పట్టాలపై ఉక్కుతాడు లాగు బండిలో దిగుదురు. దానిని వించి యందురు. ఇక ఉత్తరమున, జమ్మూ కాశ్మీరములో, చీనాబు నదికి 359 మీటర్ల యెత్తున కట్టిన రైలువంతెన 2025 జూన్ 6వ తేదీన ప్రారంభమైనది. అచ్చటి కొండవాలుల స్థిరత్వమును గూర్చి యేండ్ల తరబడి సలహా లిచ్చిన ఆచార్య మాధవీలతగారు తెలుగు మహిళ యగుట మనకు సంతోషము. ఆ వంతెన వంపును పేర్చుటకై లోయకు అడ్డముగా 915 మీటర్ల దూరము తీగలు కట్టి, వానిపై క్రేనును నడిపిరి. వంతెన పేరు మన బాలురకు తెలియును. ఆ క్రేను ఊసెత్తినవా రొక్కరును మాకు కనబడలేదు.

ఒక దినము తరగతిలో ఇద్దరు బలమైన బాలురకు తాడు చెరియొక కొన యిచ్చి, నడుమ నొక ఇటుకను వ్రేలాడదీసి, తాటిని తిన్నగా లాగుడనగా, ముఖములు ఎఱ్ఱబడినవిగాని తాడు తిన్ననగాలేదు. ఎంత లాగినను అది కాదు! తీగకు వాలు ఎంత తగ్గునో బిగువు అంత పెరుగును. నాలుగువందల మీటర్ల తీగ నడుమ ఒక టన్ను బరువుండి, తీగ ఇరువది మీటర్లు వాలినచో, తీగబరువును విడిచి లెక్కించినను, కొనలయొద్ద అడ్డపులాగుడు అయిదు టన్నులు. చూపునకు చక్కగా నుండునని వాలును పది మీటర్లకు తగ్గించితిమా, లాగుడు పది టన్ను లగును. బిగించిన తీగయే గట్టిదని తలచు మేస్త్రీ ఈ లెక్కను చూడవలెను. బట్టలు ఆరవేయు తల్లులకు ఇది ముందే తెలియును.

2025 సెప్టెంబరు 6వ తేదీన గుజరాతులోని పావాగఢ్ కొండపై నిర్మాణసామగ్రిని మోయు తీగమార్గము కూలి ఆరుగురు మరణించిరి. సామగ్రి మోయు మార్గమున మనుష్యులేల యుండిరని కొందరడిగిరి. మా కా ప్రశ్న వింతగా దోచినది. తొట్టి ఖాళీగా దిగుచుండగా, డోలీ మోసి భుజములు కాయలు కాచినవాడు ఎక్కకుండునా? కొండపైన ప్రసవవేదన పడు స్త్రీ యుండగా, "మనుష్యు లెక్కరాదు" అను పలకను చూచి భర్త ఆగునా? ఆ పలక తెలుగున నుండును. సవర భాషయో, కువి భాషయో మాటలాడు నతడు దానిని చదువనైనను లేకపోవచ్చును.

కావున నిషేధము చాలదని మా యభిప్రాయము. డోలీయే గతియైన పల్లెమీదుగా తీగ పోవునెడల, మనుష్యులెక్కుట తప్పదని యెంచియే మొదట లెక్క వేయవలెను. మోయు బరువుకంటె అనేకరెట్లు బలముగల తీగ, మనుష్యుల కొక వేరు తొట్టి, ఒక బ్రేకు విఫలమైనచో పట్టు రెండవ బ్రేకు, పైవానికిని క్రిందివానికిని సంకేతము లందుటకు టెలిఫోను, ఇవన్నియు అంచనాలోనే చేరవలెను. ఆరునెలల పనికి ఇంత ఖర్చేలయని గుత్తేదారు అడుగును. అడుగనిండు. తీగను ప్రతి ఉదయము గుడ్డతో తుడిచి, తెగిన పోగులను లెక్కించి పుస్తకమున వ్రాయు మనిషిని ఆ పల్లెనుండియే నియమించి పని నేర్పవలెను; ఆ పుస్తకము గుత్తేదారు పెట్టెలో గాక పల్లెలోనే యుండవలెను.