ఖయాలీ ముకాబలాలో ఫైసలా ఎవరిది?

బాక్సింగ్ ప్రేమికులు నలుగురు ఒకచోట కూర్చుంటే ఒక తకరార్ ఎప్పటికీ ఖతం కాదు. 1946 నాటి షుగర్ రే రాబిన్సన్‌ని, 1981 నాటి షుగర్ రే లెనార్డ్‌ని ఒకే రింగులో నిలబెడితే గెలుపు ఎవరిది? ఇద్దరూ వెల్టర్‌వెయిట్ ఛాంపియన్లే. ఇద్దరికీ బరువు హద్దు 147 పౌండ్లే, అంటే దాదాపు 66.7 కిలోలు. లెనార్డ్ ముందున్న ఆ 'షుగర్' కూడా రాబిన్సన్ నుంచి వచ్చిన విరాసతే. ఛాయ్ మీద ఛాయ్ వస్తుంది, వాదన మాత్రం తెగదు.

ఇలాంటి ఖయాలీ ముకాబలాలకు వెల్టర్‌వెయిట్‌ని మించిన మైదానం లేదని నా రాయ్. హెవీవెయిట్‌లో జమానా మారేకొద్దీ మనుషులే మారిపోయారు. 190 పౌండ్లు కూడా లేని రాకీ మార్సియానోని ఇవాళ్టి ఆరున్నర అడుగుల పహాడ్‌ల ముందు నిలబెట్టడంలో మజా ఏముంది? 147 పౌండ్లు మాత్రం ఏ జమానాలోనైనా 147 పౌండ్లే కదా.

కదా అంటున్నాను గానీ, అసలు పేచీ అక్కడే మొదలవుతుంది. రాబిన్సన్ కాలంలో పోటీ రోజే త్రాసు ఎక్కాలి. ఈ రోజుల్లో బరువు తూచేది ముందురోజు. తూకం కోసం ఒంట్లో నీరంతా పిండేసి, ఆ రాత్రి తిని తాగి, మర్నాడు పది పౌండ్లు ఎక్కువతో రింగులో దిగేవాళ్ళు ఎందరో. కాబట్టి ఇవాళ్టి వెల్టర్‌వెయిట్‌నీ అప్పటి వెల్టర్‌వెయిట్‌నీ కలిపే ముందు త్రాసు ఏ రోజుదో తేల్చాలి. వాదించేవాళ్ళు ఈ సవాల్ అడగనే అడగరు.

రౌండ్ల సంగతి ఇంకా గట్టిది. 1981 సెప్టెంబర్ 16న లాస్ వెగాస్‌లో లెనార్డ్, థామస్ హర్న్స్ తలపడ్డారు. హర్న్స్ ఆరడుగుల ఒక అంగుళం మనిషి, చేతులు మరీ పొడుగు. వెల్టర్‌వెయిట్‌లో అలాంటి కద్ చూడటం అరుదు. పదమూడో రౌండు ముగిసేసరికి ముగ్గురు జడ్జీల కాగితాల మీదా హర్న్సే ముందున్నాడు. లెనార్డ్ కన్ను వాచి మూసుకుపోతోంది. పదమూడో రౌండుకు ముందే ఉస్తాద్ ఏంజెలో డండీ మూలలో కూర్చోబెట్టి, చేతికందిన పోటీని పోగొట్టుకుంటున్నావు బేటా అని గట్టిగా మందలించాడు. పద్నాలుగో రౌండులో లెనార్డ్ తాళ్ళకు తోసి కురిపించిన దెబ్బలకు రెఫరీ పోటీ ఆపేశాడు. తారీఖులో లెనార్డ్ విజేత.

మరుసటి ఏడాది నవంబర్‌లో అదే ఊళ్ళో రే మాన్సినీతో లైట్‌వెయిట్ పోటీలో దెబ్బలు తిన్న కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ ప్రాణం పోయింది. ఆ విషాదం తర్వాతే టైటిల్ పోటీలు పదిహేను రౌండ్ల నుంచి పన్నెండుకు దిగాయి. దిగాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ లెనార్డ్-హర్న్స్ పోటీ పన్నెండు రౌండ్లకే అయిపోయి ఉంటే? పాయింట్ల మీద హర్న్స్ గెలిచేవాడు. మనుషులు వాళ్ళే, రాత్రి అదే, దెబ్బలు అవే. ఒక్క ఖాయిదా మార్చితే ఛాంపియన్ మారిపోతున్నాడు. అలాంటప్పుడు ముప్ఫై అయిదేళ్ళ దూరంలో ఉన్న ఇద్దరిని కలిపి ఫైసలా చెప్పేవాడు, ముందు ఎవరి జమానా దస్తూర్ నడుస్తుందో చెప్పాలి.

నన్ను అడిగితే పదిహేను రౌండ్లు, అదేరోజు తూకం, విజేత రాబిన్సన్. సబూత్ ఏమిటంటారా? మొత్తం జీవితంలో లెనార్డ్ ఆడిన పోటీలు 40. రాబిన్సన్‌వి 200 దాకా ఉన్నాయి. 1951 జూలైలో లండన్‌లో రాండీ టర్పిన్ చేతిలో ఓడేదాకా అతని ఖాతాలో ఉన్న ఓటమి ఒక్కటే. అది 1943లో జేక్ లామోటా చేతిలో. లామోటా ఆ రోజు అతనికంటే పదిహేను పౌండ్ల పైనే బరువున్నాడు. మూడు వారాలకే మళ్ళీ అతనితోనే తలపడి రాబిన్సన్ బదులు తీర్చుకున్నాడు. బాక్సింగ్‌లో అలా పెరిగినవాడికి పన్నెండో రౌండు తర్వాత భయం ఉండదు.

ఈ దావాలో ఒక లోపముంది, అదీ చెప్పాలి. వెల్టర్‌వెయిట్‌గా రాబిన్సన్ మంచి ఊపులో ఉన్న రోజుల ఫిల్మ్ చాలా తక్కువ మిగిలింది. మనం వీడియోల్లో చూసి వహ్వా అనే రాబిన్సన్ ఎక్కువగా ముప్ఫై దాటిన మిడిల్‌వెయిట్. లెనార్డ్‌నేమో రంగుల్లో, నాలుగు వైపుల నుంచి, స్లో మోషన్‌లో చూస్తాం. ఒకరికి కెమెరా గవాహీ ఉంది, ఇంకొకరికి పాత పత్రికల గవాహీ. కళ్ళతో చూసింది ఎక్కువ బరువు తూగుతుంది, ఇది మనిషి ఫిత్రత్.

వేర్వేరు కాలాల ఛాంపియన్లు నిజంగానే ఎదురుపడిన సందర్భాలూ ఉన్నాయి. 1938లో ఒకేసారి ఫెదర్‌వెయిట్, లైట్‌వెయిట్, వెల్టర్‌వెయిట్ మూడు కిరీటాలు పెట్టుకున్న హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్, 1943 ఆగస్టులో న్యూయార్క్‌లో రాబిన్సన్‌తో ఆడాడు. పది రౌండ్ల తర్వాత గెలుపు రాబిన్సన్‌దే. తన చిన్ననాటి హీరోని నేలకూల్చడం ఇష్టంలేక రాబిన్సన్ చేయి తగ్గించాడని అంటారు. ఆ పోటీ ఏం తేల్చింది? వయసు ఎవరినీ వదలదని తప్ప ఏమీ తేల్చలేదు. ఖయాలీ ముకాబలాకు ఉన్న ఖూబీ ఇదే. అక్కడ ఇద్దరూ జవాన్లే.

మెషీన్‌ని ఖాజీగా కూర్చోబెట్టిన వాళ్ళూ ఉన్నారు. 1969లో మయామీలో ముహమ్మద్ అలీ, రాకీ మార్సియానో కెమెరా ముందు ఉత్తుత్తి పోటీ ఆడారు, ఫైసలా కంప్యూటర్‌ది. 1970 జనవరిలో సినిమా హాళ్ళలో చూపించారు. అమెరికా వాళ్ళు చూసినదాంట్లో పదమూడో రౌండులో మార్సియానో గెలిచాడు. యూరప్‌కు పంపినదాంట్లో అలీ గెలిచాడు. ఏ ఊరికి ఆ ఊరి ఇన్సాఫ్! అయితే నాకు ఇందులో నవ్వు రాని సంగతి వేరే ఉంది. వియత్నాం జంగ్‌కు వెళ్ళనన్నందుకు అలీ లైసెన్సు 1967లోనే లాక్కున్నారు. అసలు పోటీ ఆడే హక్కు తీసేసి, ఆ మనిషితోనే నకిలీ పోటీ ఆడించి టికెట్లు అమ్మారు.

అందుకే నా శికాయత్ ఖయాలీ పోటీల మీద కాదు, వాటిలో మనం ఎవరిని కూర్చోబెడుతున్నామన్న దాని మీద. ఛాంపియన్ వర్సెస్ ఛాంపియన్, ఎప్పుడూ ఇంతే. కిరీటం దక్కినవాళ్ళకే మళ్ళీ కలలోనూ కిరీటం. పిట్స్‌బర్గ్ చార్లీ బర్లీ పేరు ఈ వాదనల్లో ఎందుకు రాదు?

బర్లీ నల్లజాతి బాక్సర్. 1936లో హిట్లర్ బెర్లిన్ ఒలింపిక్స్ వద్దనుకుని, బార్సిలోనాలో జరగాల్సిన పీపుల్స్ ఒలింపియాడ్‌కు వెళ్ళాడు. స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలై ఆ ఆటలే జరగలేదు. ఫ్రిట్జీ జివిక్‌తో మూడుసార్లు ఆడి రెండుసార్లు గెలిచాడు. ఆ జివిక్కే 1940లో ఆర్మ్‌స్ట్రాంగ్‌ని ఓడించి వెల్టర్‌వెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 1944లో బర్లీ ఆర్చీ మూర్‌ని కూడా ఓడించాడు. ఎవరూ అతన్ని నాకౌట్ చేయలేకపోయారు. అయినా ప్రపంచ టైటిల్ కోసం ఒక్క పోటీ, ఒక్కటంటే ఒక్కటి, దొరకలేదు. ప్రమోటర్లకు లాభం లేదు, ఛాంపియన్లకు భయం. రాబిన్సన్ కూడా అతనితో ఎప్పుడూ ఆడలేదు. ఆఖరికి బర్లీ పిట్స్‌బర్గ్ మునిసిపాలిటీలో చెత్త ఎత్తే కొలువు చేసుకున్నాడు.

రాబిన్సన్‌కే 1946 డిసెంబర్ దాకా టైటిల్ పోటీ ఇవ్వలేదు. అప్పటికి డెబ్భైకి పైగా గెలుపులు జేబులో ఉన్నాయి. ఛాంపియన్ల జాబితా అంటే తలుపు తెరుచుకున్నవాళ్ళ జాబితా కూడా. దాన్ని హునర్ లెక్కగా మాత్రమే చదివితే ఎక్కడో జుల్మ్ జరుగుతుంది.

మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2019లో అడిగిందీ ఇదే. బరువు వేరు, దేశం వేరు, సవాల్ ఒక్కటే. ఒలింపిక్ క్వాలిఫయర్‌కు మేరీ కోమ్‌ని నేరుగా పంపకండి, ట్రయల్ పెట్టండి అని క్రీడామంత్రికి ఖత్ రాసింది. చిన్నపిల్లకు అంత నోరేంటని మొహం చిట్లించినవాళ్ళున్నారు. డిసెంబర్‌లో ఢిల్లీలో ట్రయల్ జరిగింది, నిఖత్ 9-1 తేడాతో ఓడింది. ఓడినా ఆ పోటీ జరిగింది, కాగితం మీద ఉంది, ఎవరూ ఊహించుకోనక్కర్లేదు. 2022లో ఇస్తాంబుల్‌లో ఆమె ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు ఆ 9-1 గుర్తొచ్చి నాకు ఇంకా ఖుషీ అయింది.

కాబట్టి ఈసారి తకరార్ మొదలైతే నా కార్డు ఇది: రాబిన్సన్ వర్సెస్ బర్లీ, 1942, పదిహేను రౌండ్లు, వేదిక పిట్స్‌బర్గ్. రాబిన్సన్ చేతుల వేగం ఒకవైపు, దెబ్బ తగలకుండా జారిపోయే బర్లీ నడుము ఇంకోవైపు. మొదటి ఆరు రౌండ్లలో ఇద్దరూ ఒకరినొకరు కొలుచుకుంటారు, జనం విసుక్కుంటారు. తొమ్మిదో రౌండులో బర్లీ కుడిచేతికి రాబిన్సన్ ఒకసారి మోకాలి మీద కూలుతాడు. చివరికి పాయింట్ల మీద ఫలితం రాబిన్సన్‌దే, అదీ ఒకటి రెండు పాయింట్ల తేడాతో. ఒప్పుకోనివాళ్ళు రండి, ఛాయ్ నేనే పోయిస్తాను.