ఉమ్మి పరీక్ష సరే, చికిత్స ఎవరికి?

పీష్వాల పుణెలో అంటరానివాళ్లు మెడలో మట్టి ముంత కట్టుకుని తిరగాల్సి వచ్చేదని బాబాసాహెబ్ 1936లో ‘కుల నిర్మూలన’లో రాశారు. వాళ్ల ఉమ్మి నేల మీద పడితే, తెలియక తొక్కిన హిందువు మైలపడతాడట. ఇప్పుడు వైద్యశాస్త్రం రోగం కనిపెట్టడానికి అదే ఉమ్మిని అడుగుతోంది.

చిగుళ్ల జబ్బు ముదిరేటప్పుడు తెల్ల రక్తకణాలు ఎంఎంపీ-8 అనే ఎంజైమ్‌ను విడుదల చేస్తాయి. పంటిని ఎముకకు పట్టి ఉంచే కొలాజెన్‌ను అది తెంపుతుంది. హెల్సింకి విశ్వవిద్యాలయ పరిశోధకుల కృషితో వచ్చిన పరీక్ష, పుక్కిలించిన నీటిలో ఈ ఎంజైమ్‌ను నిమిషాల్లో పట్టుకుంటుంది. గర్భ నిర్ధారణ కిట్‌లో లాగే గీతలు చూసి ఫలితం తెలుసుకోవచ్చు.

దీని అవసరం చిన్నది కాదు. తీవ్రమైన చిగుళ్ల జబ్బు ప్రపంచంలో 100 కోట్ల మందికి పైగా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక అంచనా. పళ్లు కదిలేదాకా చాలామందికి నొప్పి తెలియదు. షుగర్ ఈ జబ్బును పెంచుతుంది, ఈ జబ్బు షుగర్‌ను అదుపు తప్పిస్తుంది. పొగ తాగేవాళ్లకు చిగుళ్ల నుంచి రక్తం తక్కువగా కారుతుంది కాబట్టి జబ్బు దాక్కుంటుంది. మామూలుగా దీన్ని పట్టాలంటే డాక్టరు ప్రతి పంటి చుట్టూ ప్రోబ్ దించి లోతు కొలవాలి.

మా పేటలో పెట్టిన ఉచిత దంత శిబిరంలో ఆ ప్రోబ్ బయటికి రాలేదు. డాక్టరుగారు దూరం నుంచే మా అమ్మ నోట్లోకి టార్చి వేసి, ‘బాగా తోముకో’ అని పంపేశారు. మూడేళ్లలో అమ్మ ముందు పళ్లు ఊడిపోయాయి. ఆయన ఎందుకు దగ్గరికి రాలేదో నేను రుజువు చేయలేను. కానీ ఆ దూరం మా పేటలో ఎవరికీ కొత్త కాదు.

అందుకే ఈ పరీక్ష గురించి చదివినప్పుడు ముందు సంతోషించాను, తర్వాత భయపడ్డాను. ముట్టుకోకుండా చేసే పరీక్ష, ముట్టుకోకుండా ఉండటానికి సాకు కాగలదు. చిగురు కింద గట్టిపడిన గారను ఏ కిట్టూ తీయలేదు. దానికి మనిషి చెయ్యి నోట్లోకి రావాలి. పైగా ఏ పన్ను, ఎంత లోతు అన్నది ఈ పరీక్ష చెప్పదు. గీత రాకపోయినంత మాత్రాన నోరు ఆరోగ్యంగా ఉన్నట్టూ కాదు.

జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం 2014లోనే మొదలైంది. అందులోకి ఇలాంటి పరీక్షను తెచ్చేముందు మనం మూడు అడగాలి. ఒకటి, గుట్కా నమిలేవాళ్లు, బీడీ కార్మికులు, పారిశుద్ధ్య కార్మికుల మీద దీని కచ్చితత్వాన్ని ఇక్కడే తేల్చాలి. రెండు, ఉమ్మిలో డీఎన్‌ఏ కూడా ఉంటుంది. ఆ నమూనాలు ఎవరి దగ్గర, ఎవరి అనుమతితో, ఎన్నాళ్లు ఉంటాయో చెప్పాలి. మన జనం పరిశోధనకు నమూనాలుగానే మిగిలిపోకూడదు. మూడు, ఎంతమందిని పరీక్షించారో, వాళ్లలో ఎంతమందికి చికిత్స అందిందో కులాల వారీగా ప్రకటించాలి.

రెండో గీత కనిపించిన రోజే ఆ మనిషి చేతికి ఉచిత స్కేలింగ్ తేదీ రాసిన చీటీ ఇవ్వాలి. ఆ చీటీ లేకపోతే అది జనాభా లెక్కే తప్ప వైద్యం కాదు.